ఇంట్లో హనుక్కా: దీపాలు, నూనె వంటలు, చేతి పనులు – తరచుగా అడిగే ప్రశ్నలు

మాది పొన్నూరు. మా ఆయన వాళ్లది న్యూజెర్సీలో స్థిరపడిన యూదుల కుటుంబం. డిసెంబరు వచ్చిందంటే చాలు, మా పిన్ని కూతురి దగ్గర్నుంచి ఆఫీసులో తెలుగు స్నేహితుల దాకా అందరూ నన్ను అవే ప్రశ్నలు అడుగుతారు. కొందరి పిల్లలకి స్కూల్లో యూదుల ఎనిమిది రోజుల పండుగ హనుక్కా గురించి చెప్పారట, కొందరిని పక్కింటివాళ్లు పిలిచారట, ఒకరిద్దరు నాలాగే ఆ ఇంటి కోడళ్లు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అన్నీ ఒక్కచోట రాస్తున్నాను. ఇందులో చాలా భాగం మా అత్తగారి దగ్గర నేర్చుకున్నదే.

హనుక్కా అంటే యూదుల దీపావళి అనుకోవచ్చా?

అమ్మకి ఫోన్లో మొదటిసారి నేనూ అలాగే చెప్పాను. ఇప్పుడైతే చెప్పను. రెంటిలోనూ దీపాలున్నాయి, అంతవరకే పోలిక. మన దీపావళికి ఇల్లంతా వెలగాలి, వాకిట్లో టపాకాయలు పేలాలి. హనుక్కా దీపాన్ని ఏ పనికీ వాడకూడదు. ఆ వెలుగులో పుస్తకం చదవకూడదు, డబ్బు లెక్కపెట్టకూడదు, దాన్ని కూర్చుని చూడడమే. దీపాలు వెలుగుతున్నంతసేపూ ఆడవాళ్లు పని ముట్టుకోకూడదని కూడా ఒక ఆచారం ఉంది. మా ఇంట్లో తు.చ. తప్పకుండా పాటించే ఆచారం ఇదొక్కటే!

‘యూదుల క్రిస్మస్’ అని కూడా అనకండి. నెల దగ్గరైనంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదు.

దీని వెనక కథ ఏమిటి?

క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో యూదయ ప్రాంతం సెల్యూసిడ్ గ్రీకు రాజుల ఏలుబడిలో ఉండేది. నాలుగో ఆంటియోకస్ అనే రాజు యూదుల ఆచారాలను నిషేధించి, యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేశాడు. మోదియీన్ అనే ఊళ్లో మత్తతియ అనే పూజారి, ఆయన కొడుకులు తిరగబడ్డారు. కొడుకుల్లో యూదా మక్కబీ నాయకత్వంలో క్రీ.పూ. 164లో ఆలయం తిరిగి చేతికొచ్చింది. దాన్ని శుద్ధి చేసి మళ్లీ ప్రతిష్ఠించారు. హనుక్కా అనే మాటకి అర్థమే ప్రతిష్ఠ.

ఇక నూనె కథ. ఆలయ దీపానికి వాడదగ్గ నూనె, ప్రధాన యాజకుడి ముద్ర చెదరనిది, ఒక్క కూజాయే దొరికింది. ఒక్క రోజుకి సరిపోయే నూనె ఎనిమిది రోజులు వెలిగింది. ఈ తిరుగుబాటు చరిత్ర చెప్పే మక్కబీయుల మొదటి గ్రంథంలో ఈ సంగతి లేదు. అందులో యుద్ధమూ, ప్రతిష్ఠా, ఎనిమిది రోజుల ఉత్సవమూ మాత్రమే ఉన్నాయి. కూజా కథ కొన్ని వందల ఏళ్ల తర్వాత తాల్ముదు అనే యూదుల ధర్మగ్రంథంలో కనిపిస్తుంది. మా మామగారికి యుద్ధం కథ ఇష్టం, అత్తగారికి నూనె కథ. ప్రతి ఏడూ భోజనాల దగ్గర ఈ వాదన ఉండాల్సిందే.

తెలుగు బైబిలు చదివేవాళ్లకి ఈ పండుగ కొత్తేమీ కాదు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో వచ్చే ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ ఇదే.

ప్రతి ఏడూ తేదీ ఎందుకు మారుతుంది? ఈసారి ఎప్పుడు?

మన పంచాంగం తెలిసినవాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. యూదుల నెలలు కూడా చాంద్రమానమే. మనకి అధిక మాసం వచ్చినట్టే వాళ్లకి 19 ఏళ్లలో 7 సార్లు అదనపు నెల వస్తుంది. మనలాగే వాళ్లకీ అమావాస్య దాటాకే కొత్త నెల. హనుక్కా కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది కాబట్టి అది ఎప్పుడూ బహుళ పక్షం చివర్లోనే పడుతుంది, మధ్యలో అమావాస్య వస్తుంది. ఏడాదిలోకెల్లా పొడుగు రాత్రులు, పైగా చంద్రుడు లేడు. మా బామ్మ బతికుంటే కాలెండరు చూడకుండానే తేదీ చెప్పేసేది.

2026లో మొదటి దీపం డిసెంబరు 4 శుక్రవారం సాయంత్రం. పండుగ డిసెంబరు 12 సాయంత్రంతో ముగుస్తుంది. 2027లో డిసెంబరు 24 సాయంత్రం మొదలవుతుంది. వాళ్లకి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి కాలెండర్లో అచ్చువేసిన తేదీకి ముందురోజు సాయంత్రమే దీపం పెట్టాలి. ఇది తెలియక ఒకసారి మా స్నేహితురాలు రెండో రోజు వచ్చి ‘మొదటి రోజు శుభాకాంక్షలు’ చెప్పింది.

ఎలా పలకాలి?

మొదటి అక్షరం ‘హ’కీ ‘ఖ’కీ మధ్య, గొంతులోంచి రావాలి. రాకపోతే ‘హనుకా’ అంటే చాలు. శుభాకాంక్షలకి ‘హనుకా సమేయఖ్’.

దీపస్తంభానికి తొమ్మిది కొమ్మలెందుకు? మెనోరా అంటే ఇదేనా?

ఆలయంలో ఉన్న మెనోరాకి ఏడు కొమ్మలు. హనుక్కాకి వాడేదాన్ని హనుకియా అంటారు, దానికి ఎనిమిది రాత్రులకి ఎనిమిది, పైన ఇంకొకటి. ఆ తొమ్మిదోది షమాష్, అంటే సేవకుడు. దానితోనే మిగతావాటిని వెలిగిస్తారు. అసలు దీపాల వెలుగుని వాడకూడదు కదా, పొరపాటున వాడుకున్నా అది షమాష్ వెలుగు ఖాతాలోకి పోతుంది. అందుకే దాన్ని మిగతావాటికంటే ఎత్తుగానో, కాస్త పక్కగానో పెడతారు.

ఎటునుంచి పేర్చాలి? ఎటునుంచి వెలిగించాలి?

అందరూ తడబడేది ఇక్కడే. కొవ్వొత్తులు కుడి చివరనుంచి ఎడమకి పేర్చాలి. వెలిగించేటప్పుడు మాత్రం ఎడమ పక్కన చివరగా పెట్టినదానితో, అంటే ఆ రోజు కొత్తగా చేరిన దీపంతో మొదలుపెట్టి కుడికి రావాలి. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, అలా ఎనిమిదిదాకా. షమ్మాయి అనే గురువు మొదటి రాత్రి ఎనిమిది పెట్టి రోజుకొకటి తగ్గించాలన్నాడు, హిల్లెల్ పెంచాలన్నాడు. హిల్లెల్ మాటే నిలిచింది.

షమాష్‌తో కలిపి లెక్క వేస్తే ఎనిమిది రాత్రులకి 44. కొట్లో అమ్మే పెట్టెలోనూ సరిగ్గా 44 ఉంటాయి, ఒక్కటి కూడా ఎక్కువ ఉండదు. రెండేళ్ల కిందట మా చిన్నాడు మూడో రాత్రే ఒకటి విరిచేశాడు. మాకెవరికీ తెలియలేదు. ఎనిమిదో రాత్రి అందరూ నిలబడ్డాక చూస్తే షమాష్ లేదు. వంటింటి సొరుగులో దొరికిన గులాబీ రంగు పుట్టినరోజు కొవ్వొత్తితో కానిచ్చాం. అప్పట్నుంచి రెండు పెట్టెలు కొంటున్నాను.

మన ప్రమిదలతో హనుకియా చేసుకోవచ్చా?

భేషుగ్గా. నిజానికి కొవ్వొత్తి కంటే ఆలివ్ నూనె, వత్తి శ్రేష్ఠమంటారు, కథంతా ఆ నూనెదే కదా. మా ఇంట్లో రెండున్నాయి. ఒకటి అత్తగారి వెండిది, రెండోది నేను చేసుకున్నది. అడుగున్నర పొడుగు చెక్క మీద ఎనిమిది చిన్న మట్టి ప్రమిదలు వరసగా అతికించాను. తొమ్మిదోదాన్ని చెక్క ముక్క మీద ఎత్తుగా పెట్టాను. ఎనిమిదీ ఒకే ఎత్తులో, ఒకే వరసలో ఉండాలి, గుండ్రంగా పేర్చకూడదు. ఒక దీపం మంట పక్కదానితో కలవనంత ఎడం వదలాలి. కొత్త ప్రమిదలు నూనె పీల్చేస్తాయని మీకు నేను చెప్పాలా? రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. వత్తులు మాత్రం అమ్మ పొన్నూరు నుంచి పంపిన పత్తితోనే. మా అత్తగారు మోకాలి మీద వత్తి చేయడం నేర్చుకున్నారు, ఇప్పుడు నాకంటే సన్నగా చేస్తారు.

పిల్లలతో చేయించాలంటే చెక్క మీద ఇనుప నట్టులు అతికించి రంగులు వేయించండి. కొవ్వొత్తి ఒకటి వెంట తీసుకెళ్లి, నట్టులో పట్టేదీ లేనిదీ చూసి మరీ కొనండి. కాగితం, ప్లాస్టిక్, ఐస్‌క్రీం పుల్లలతో చేసినవి చూడ్డానికే, వాటి మీద మంట పెట్టొద్దు. ఏది పెట్టినా కింద అల్యూమినియం రేకు పరవండి. కిటికీ దగ్గర పెట్టడం ఆచారం, వీధిలో పోయేవాళ్లకి కనబడాలని. తెర మాత్రం పక్కకి కట్టేయండి.

శుక్రవారం ఏదో తేడా ఉందంటారు?

ఉంది, 2026లో మరీను. మొదటి రాత్రీ ఎనిమిదో రాత్రీ రెండూ శుక్రవారమే. సూర్యాస్తమయంతో షబ్బాత్, అంటే యూదుల వారాంతపు విశ్రాంతి దినం, మొదలవుతుంది, ఆ తర్వాత నిప్పు ముట్టించకూడదు. అందుకని హనుక్కా దీపాలు ముందు, షబ్బాత్ కొవ్వొత్తులు తర్వాత, రెండూ పొద్దు వాలకముందే వెలిగించాలి. కానీ హనుక్కా దీపం చీకటిపడ్డాక కనీసం అరగంట వెలగాలి. పెట్టెలో వచ్చే సన్న కొవ్వొత్తులు అరగంటకే అయిపోతాయి కాబట్టి శుక్రవారానికి చాలవు. గంటన్నర నిలిచే పొడుగు కొవ్వొత్తులో, నిండుగా నూనె పోసిన ప్రమిదలో కావాలి. మా ఇంట్లో నా ప్రమిదల పలక బయటికొచ్చేది ఆ రోజే. శనివారమైతే షబ్బాత్ ముగిశాక వెలిగిస్తారు.

ఏం చదువుతారు?

వెలిగించేముందు రెండు స్తుతులు, మొదటి రాత్రి మూడు. మొదటిది ఇది: ‘బారుఖ్ అతా అదోనాయ్ ఎలోహేను మెలెఖ్ హాఓలాం, అషెర్ కిద్షాను బెమిత్స్వోతావ్ వెత్సివాను లెహద్లీక్ నేర్ షెల్ హనుకా.’ హనుక్కా దీపం వెలిగించమని మమ్మల్ని ఆజ్ఞాపించిన, లోకానికి రాజైన మా దేవుడికి స్తుతి అని భావం. నేను దీన్ని తెలుగులో రాసుకుని వంటింట్లో బట్టీ పడుతుంటే మా అత్తగారు ఆపారు. ఊరికే అభ్యాసం చేసేటప్పుడు దేవుడి పేరు పలకకూడదట, ‘అదోనాయ్’ బదులు ‘హషెం’ అనమన్నారు. దీపాలు వెలిగాక మావోజ్ సూర్ అనే పాట పాడతారు.

లాట్కెలు అంటే ఏమిటి? ఆలూ టిక్కీయే కదా?

కాదు కాదు! టిక్కీకి ఉడికించిన దుంప, లాట్కెకి పచ్చి దుంప. నూనెలో వేయించినవి తినడం ఈ పండుగ ఆచారం. తూర్పు ఐరోపా యూదుల ఇళ్లలో ఆ వేపుడు లాట్కె. బంగాళాదుంప ఐరోపాకి దక్షిణ అమెరికా నుంచి వచ్చింది కాబట్టి దుంప లాట్కె మరీ పాతదేం కాదు. అంతకుముందు చీజ్‌తో చేసేవారు.

నలుగురికి కొలత: కిలో బంగాళాదుంపలు, పెద్ద ఉల్లిపాయ ఒకటి, రెండు గుడ్లు, మూడు నాలుగు చెంచాల మైదా లేదా మాట్జా (యూదుల పులియని రొట్టె) పొడి, ఉప్పు, మిరియాల పొడి. పెద్ద కన్నాల వైపు తురమాలి. కాసిని దుంపలు, కాస్త ఉల్లిపాయ మార్చి మార్చి తురిమితే దుంప నల్లబడదు. తురుముని పల్చటి గుడ్డలో మూటగట్టి, గిన్నె మీద పట్టుకుని, చేతులు నొప్పెట్టేదాకా పిండాలి. చాలనుకున్నాక ఇంకోసారి పిండండి. ఆ నీళ్లు పారబోయొద్దు. పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి గట్టిగా పేరుకుంటుంది. పైనున్న ఎర్రటి నీళ్లు వంచేసి, ఆ పిండిని గీకి తురుములో కలపాలి. లాట్కెని విడిపోకుండా పట్టుకునేది అదే. తర్వాత మిగతావన్నీ కలిపి, మూకుడులో వేలి కణుపులో సగం లోతు నూనె కాగాక, చెంచాతో వేసి పల్చగా నొక్కి, ఒక్కోవైపు మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. అంచులు జాలరు అల్లినట్టు ఎర్రగా వచ్చినప్పుడే తిప్పాలి.

నావి మెత్తగా వస్తున్నాయి, ఎందుకు?

పిండింది చాలలేదు. లేదా ఒకేసారి మూకుడు నిండా వేసేశారు, నూనె చల్లారిపోయింది. లేదా తీసినవాటిని కాగితం మీద ఒకదానిమీదొకటి పేర్చారు. కాగితం మీద ఆవిరి పట్టి కింది వైపు మెత్తబడుతుంది. జల్లెడలాంటి తీగ స్టాండు మీద విడివిడిగా పెట్టండి. దుంప కూడా చూసుకోవాలి. అమెరికాలో అయితే రస్సెట్ రకం. మన ఊళ్లో అయితే కొత్త దుంపలు వద్దు, నీరెక్కువ. పాత దుంపలు మంచివి.

కలిపిన పిండి ఊరుతూ ఉంటుంది. చివరి వాయికి వచ్చేసరికి గిన్నె అడుగున నీళ్లు చేరతాయి, వాటిని వంచేయండి.

గుడ్డు తినం. ఎలా?

అడుగున పేరుకున్న పిండి, ఇంకో రెండు చెంచాల మొక్కజొన్న పిండి కలిపితే నిలుస్తాయి. శనగపిండి వేస్తే కూడా నిలుస్తాయి, కాకపోతే పకోడీ వాసన వస్తుంది. అది తప్పేమీ కాదు, లాట్కె మాత్రం కాదు.

దేనితో తినాలి?

ఉడికించి మెదిపిన ఆపిల్, లేదా పుల్లటి మీగడ. ఈ రెంటిలో ఏదన్నదాని మీద యూదుల ఇళ్లలో కొట్లాటలే. ఆపిల్ ముక్కలు కాసిని నీళ్లు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మగ్గనిచ్చి మెదపడమే, పంచదార అక్కర్లేదు. మీగడ దొరక్కపోతే గడ్డ పెరుగు గుడ్డలో కట్టి రెండు గంటలు వేలాడదీయండి. నేను ఒక ఏడు అల్లం పచ్చడి పెట్టాను. మామగారు నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, మళ్లీ వేసుకున్నారు.

ఒక జాగ్రత్త. కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే ఇంట్లో మాంసం, పాల పదార్థాలు ఒకే భోజనంలో ఉండవు. మాంసం వండిన రోజు మీగడ బల్ల మీదికి రాదు, ఆపిలే గతి. అలాంటివాళ్ల ఇంటికి వెళ్తూ మీ వంటింట్లో చేసింది పట్టుకెళ్లొద్దు, గిన్నెల దగ్గర కూడా వాళ్లకి నియమాలుంటాయి. పళ్లో, పూలో తీసుకెళ్లండి.

సుఫ్గనియోత్ ఇంట్లో కుదురుతాయా?

కుదురుతాయి, బూరెలు వేయగలిగినవాళ్లు భయపడక్కర్లేదు. ఇజ్రాయెల్లో ఈ పండుగకి బాగా తినేవి ఇవే. లోపల జాము, పైన పంచదార పొడి ఉండే గుండ్రటి డోనట్లు. అరకిలో మైదా, 7 గ్రాముల ఈస్టు, 60 గ్రాముల పంచదార, రెండు గుడ్లు, 50 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు, ఇంచుమించు 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి పాలు. పాలు ఒక్కసారే పోయకుండా, చేతికి కాస్త అంటుకునేంత మెత్తగా కలిపి, రెట్టింపయ్యేదాకా గంటన్నర మూతపెట్టాలి. తర్వాత వేలెడు మందాన ఒత్తి, గ్లాసుతో బిళ్లలు కోసి, ఇంకో అరగంట పొంగనివ్వాలి. నూనె 170 డిగ్రీల దగ్గర ఉండాలి.

నా మొదటి వాయి బయట నల్లగా, లోపల పచ్చిగా వచ్చింది. గారెల మంట పెట్టాను మరి. దీనికి మధ్యస్థం కంటే తక్కువ మంట చాలు, ఒక్కోవైపు రెండు నిమిషాలు. సరిగ్గా వేగినదానికి నడుం చుట్టూ తెల్లటి గీత కనిపిస్తుంది. జాము వేగాకే కూరాలి, ముందు పెడితే నూనెలో కారి చిటపటలాడుతుంది.

మన దేశంలో యూదులు ఏం చేసుకుంటారు?

కొచ్చి యూదుల ఇళ్లలో హనుక్కాకి నెయ్యప్పం వేస్తారు. బియ్యం, బెల్లంతో చేసే ఆ అప్పం మన అప్పాలకి దగ్గర చుట్టమే. అక్కడి పరదేశి సినగాగు (యూదుల ప్రార్థనా మందిరం) 1568లో కట్టింది. బాగ్దాదు వైపు యూదులకి జలాబియా ఉంది, పేరు వింటేనే మన జిలేబీ గుర్తొస్తుంది. మొరాకోవాళ్లది స్ఫెంజ్, నారింజ వాసన వేసే చిల్లు బూరె అనుకోండి.

తెలుగువాళ్లలో యూదులున్నారా?

ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే చిన్న సమాజం ఉంది. ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిం వంశం తమదని వాళ్ల నమ్మకం. 1990లలో అక్కడ ప్రార్థనా మందిరం వెలిసింది, తెలుగే వాళ్ల ఇంటి భాష. పొన్నూరు నుంచి గుంటూరుకి చేబ్రోలు మీదుగా ఎన్నిసార్లు బస్సెక్కానో లెక్కలేదు. వాళ్ల సంగతి నాకు తెలిసింది మాత్రం అమెరికా వచ్చి, మా అత్తగారు అడిగాక!

డ్రెయిడెల్ ఎలా చేయాలి, ఎలా ఆడాలి?

నాలుగు పలకల బొంగరం. పలకకో హీబ్రూ అక్షరం: నూన్, గిమెల్, హే, షీన్. ‘అక్కడ గొప్ప అద్భుతం జరిగింది’ అనే వాక్యంలోని మాటల మొదటి అక్షరాలవి. ఇజ్రాయెల్లో షీన్ బదులు పే ఉంటుంది, ‘అక్కడ’ కాస్తా ‘ఇక్కడ’ అవుతుంది.

చేయడానికి గాలికి ఆరే బంకమట్టి తీసుకుని నిమ్మకాయంత ముద్దని నలుచదరంగా అద్ది, కింద మొన తేల్చి, పైన అగ్గిపుల్ల గుచ్చాలి. పుల్ల, మొన ఒకే గీతలో లేకపోతే తిరగదు, తాగినవాడిలా తూలుతుంది. రెండు రోజులు ఆరాక అక్షరాలు రాయాలి.

ఆట తేలిక. అందరూ మధ్యలో ఒక్కో గింజ వేస్తారు. నూన్ పడితే ఏమీ లేదు, గిమెల్ పడితే అంతా మీదే, హే అయితే సగం, షీన్ అయితే ఇంకో గింజ వేయాలి. మామూలుగా రేకు చుట్టిన చాక్లెట్ నాణేలతో ఆడతారు, వాటిని గెల్ట్ అంటారు. మేము వేరుశెనగ కాయలతో ఆడతాం, ఆట ముగిసేలోపు పందెం సగం నోట్లోకి పోతుంది.

ఇల్లు ఎలా అలంకరించాలి?

పెద్దగా ఏమీ ఉండదు. నీలం, తెలుపు కాగితాలతో ఆరుకోణాల నక్షత్రాలు. రెండు త్రికోణాలు ఒకదాని మీద ఒకటి తిరగేసి అతికిస్తే సరి. ఆ నక్షత్రం మన ముగ్గుల్లో ఎప్పట్నుంచో ఉన్నదే, నేను గుమ్మం ముందు బియ్యప్పిండితో వేశాను. మంచు కురవని ఏడైతే ఎనిమిది రోజులూ నిలిచింది. మెరుపు కాగితాలు, ప్లాస్టిక్ దండలు నాకు నచ్చవు.

ఎనిమిది రాత్రులూ బహుమతులివ్వాలా?

అక్కర్లేదు. అది క్రిస్మస్ పక్కన ఉండబట్టి అమెరికాలో బలపడ్డ అలవాటు. పాత పద్ధతి పిల్లలకి కాస్త డబ్బివ్వడమే.

మేం యూదులం కాదు. ఇంట్లో చేసుకోవచ్చా?

లాట్కెలు వేసుకోండి, డ్రెయిడెల్ ఆడండి, పిల్లలకి కథ చెప్పండి, ఎవరూ ఏమీ అనరు. దీపాలు పెట్టి స్తుతులు చదవడం మాత్రం వద్దని నా అభిప్రాయం. ‘మమ్మల్ని ఆజ్ఞాపించిన’ అనే మాట ఆ మతస్థులు అనుకోవాల్సింది. తెలిసినవాళ్లు పిలిస్తే వెళ్లి పక్కన నిలబడండి, అదే బాగుంటుంది. పిలుపు అడిగి తెచ్చుకున్నా తప్పు లేదు.

హనుకియా నిండా మైనం గడ్డకట్టింది. మిగిలిన నూనె ఏం చేయాలి?

వెండిదైతే కత్తితో గీకకండి. వేడినీళ్లు పోస్తే మైనం కరిగి జారిపోతుంది, ఆ నీళ్లు సింకులో పోయకుండా చల్లారాక మైనం తీసేయండి. లోహపుది, చిన్నదైతే గంటసేపు ఫ్రీజర్లో పెడితే మైనం పెళుసెక్కి ఊడి వస్తుంది.

వేపుడు నూనె సంగతి మీకు తెలిసిందే, సంక్రాంతి నూనెకి ఏం చేస్తారో అదే. దీపాల్లో మిగిలిన నూనె, వత్తులు వేరు. అవి పండుగకని కేటాయించినవి కాబట్టి ఎనిమిదో రాత్రి తర్వాత వంటకీ, ఇతర దీపాలకీ వాడరు. విడిగా కాల్చేస్తారు. మా పెరట్లో ఇనప కుంపటి ఒకటుంది, తొమ్మిదో రోజు పొద్దున మామగారు కోటు వేసుకుని వెళ్లి అందులో అంటించి, అది ఆరేదాకా అక్కడే నిలబడి కాఫీ తాగుతారు.